పులావు పక్కన టమాటా, కొత్తిమీర, పుదీనా సలాడ్: నీరు ఊరకుండా ఎలా?

ఆదివారం_భోజనం
ఎనిమిది మందికి వెజ్ పులావు, పక్కన పచ్చి టమాటా సలాడ్. హోటల్లో కచుంబర్ అని చిన్న గిన్నెలో పెడతారే, అలాంటిదే. కాకపోతే ఆకులు ఎక్కువ కావాలి. కలిపిన అరగంటకే గిన్నె అడుగున నీళ్లు చేరి, వడ్డిస్తే పులావు తడిసిపోతుంది. పుదీనా నల్లబడుతుంది. ఈ రెండిటికీ ఉపాయం చెప్పండి. కొలతలు "రుచికి తగినంత" అని కాకుండా గ్రాముల్లో ఉంటే మేలు. పెరుగు చట్నీ వేరే ఉంది, కాబట్టి ఇందులో పెరుగు వద్దు.

కొలతపాత్ర
తలకి వంద గ్రాముల లెక్కన:

టమాటా 500 గ్రా.
ఎర్ర ఉల్లి 150 గ్రా.
కీరా 200 గ్రా. (వద్దనుకుంటే ఆ మేరకు టమాటా పెంచండి)
కొత్తిమీర, లేత కాడలతో సహా, 40 గ్రా.
పుదీనా ఆకులు మాత్రమే 15 గ్రా.
పచ్చిమిర్చి 3
ఉప్పు 7 గ్రా.
నిమ్మరసం 20 మి.లీ., అంటే రసం బాగా ఉన్న ఒక కాయ
వేయించిన జీలకర్ర పొడి ముప్పావు టీ స్పూను
పచ్చి నూనె 2 టీ స్పూన్లు

ఉప్పు ముక్కల మొత్తం బరువులో 0.8 శాతం. పక్కన ఉప్పున్న పులావు ఉంది కాబట్టి ఇది చాలు. ముద్దపప్పు అన్నంలోకి అయితే 1 శాతం దాకా వెళ్లొచ్చు. మెత్తటి ఉప్పు అంచుకి సమంగా ఒక టీ స్పూను 6 గ్రాముల దాకా తూగుతుంది. దంచిన కళ్లుప్పు అదే స్పూనుకి తక్కువ తూగుతుంది, కాబట్టి స్పూను లెక్కని నమ్ముకోవద్దు.

పుదీనా కొత్తిమీరలో సగం కూడా ఉండకూడదు. పెరిగిందంటే నోట్లో చల్లదనం తప్ప టమాటా రుచి తెలీదు.

కత్తిపీట
నీళ్ల సంగతి. టమాటా బరువులో నూటికి 94 వంతులు నీరే. కోసిన చోట ఉప్పు తగిలితే లోపలి నీరు బయటికి వస్తుంది, దాన్ని ఆపలేం. మన చేతిలో ఉన్నది ఆ నీరు ఎప్పుడు, ఏ గిన్నెలోకి రావాలన్నదే. దారులు రెండు.

మొదటిది: ఉప్పు వడ్డించే ముందు మాత్రమే. ముక్కలన్నీ కోసి విడివిడిగా పెట్టుకుని, చివర్లో ఉప్పు, నిమ్మ కలిపి, ఆకు వేసి, పది నిమిషాల్లో వడ్డించేయడం.

రెండోది: ఉప్పు ముందే. టమాటా ముక్కల మీద సగం ఉప్పు చల్లి, చిల్లుల గిన్నెలో 15–20 నిమిషాలు ఉంచి కారనివ్వాలి. పండుని బట్టి అరకిలో ముక్కల నుంచి పావు కప్పు దాకా నీరు దిగుతుంది. ఆ తర్వాత గిన్నెలో ఊరేది బాగా తగ్గుతుంది. ఉప్పులో కొంత ఆ నీటితోనే పోతుంది, అందుకే మిగతా సగం రుచి చూసుకుంటూ వేయాలి.

అందరూ ఒకేసారి కూర్చుంటే మొదటిది. ఒకరి తర్వాత ఒకరు తింటారనుకుంటే రెండోదే నయం.

ఇంకోటి, ముక్క సైజు. ముక్క ఎంత చిన్నదైతే తెగిన ముఖాలు అంత ఎక్కువ, నీరూ అంత ఎక్కువ. టమాటా ఒక సెంటీమీటరు, ఉల్లి అందులో సగం. అన్నీ ఆవగింజంత తరిగితే అది సలాడ్ కాదు, పచ్చడికి ముందు మెట్టు.

నాటు_టమాటా
కార్చడం దాకా బాగానే ఉంది కానీ, గింజల చుట్టూ ఉండే ఆ జిగురుని పారబోయడానికి నేను ఒప్పుకోను. టమాటాకి ఆ కమ్మదనం ఇచ్చే గ్లూటమేట్ గోడ కండలో కన్నా ఆ జిగురులోనే ఎక్కువ. పులుపు కూడా అక్కడే ఎక్కువ. గింజలు తీసేసిన సలాడ్ చూడ్డానికి పొడిపొడిగా ఉంటుంది. తింటే చప్పగా ఉంటుంది, దాన్ని సరిచేయడానికి చాట్ మసాలా గుప్పించాలి.

కొలతపాత్ర
పారబోయక్కర్లేదు. చిల్లుల గిన్నె కింద పళ్లెం పెట్టి పట్టండి. గింజల జిగురుని స్పూనుతో గీకి, టీ వడపోసే జల్లెడలో వేసి రుద్దితే రసం దిగి గింజలు పైన ఉండిపోతాయి. ఆ రసంలో 2 టేబుల్ స్పూన్లు తీసుకుని నిమ్మరసం, నూనె, జీలకర్ర పొడి వేసి గిలకొట్టి ముక్కలకి పట్టించండి. నీరు పోయింది, రుచి మిగిలింది. మిగతా రసం మర్నాటి చారులోకి.

నాటు_టమాటా
అది సరే. జొన్నరొట్టె పక్కకైతే మాత్రం ఏమీ కార్చొద్దు. రొట్టె ముంచుకోవడానికి ఆ రసమే కావాలి. పొడి సలాడ్ పులావుకి, రసం సలాడ్ రొట్టెకి.

వరంగల్_వంటిల్లు
ఉల్లిగడ్డ సంగతి ఎవ్వలు చెప్పలే. ఘాటు కొడితే పుదీనా, కొత్తిమీర వాసన అసలు తెల్వది. సన్నగ కోసినంక చల్లటి నీళ్లల్ల పది నిమిషాలు పెట్టుండ్రి, ఒకసారి కడిగి గట్టిగ పిండుండ్రి. కోస్తనే కణాలు తెగి ఘాటు పుడ్తది, అది నీళ్లల్ల చానా మట్టుకు పోతది. పిండకుంట ఏస్తె మాత్రం ఆ నీళ్లన్ని సలాడ్‌లకే వస్తయి, మల్ల టమాటది తప్పు అంటరు.

పిండినంక మొత్తం నిమ్మరసంల సగం ఆ ఉల్లిగడ్డ మీదనే పోసి ఇంకో పది నిమిషాలు ఉంచుండ్రి. ఎర్ర ఉల్లిగడ్డ అయితే మంచి గులాబి రంగు తిరుగుతది, కరకర పోదు.

కత్తిపీట
తల నుంచి వేరు వైపు నిలువుగా కోస్తే ఘాటు కాస్త తక్కువ, అడ్డంగా చక్రాలు కోస్తే ఎక్కువ. తెగే కణాల లెక్క అది. తెల్ల ఉల్లికి ఆ గులాబీ రంగు రాదు, నిమ్మరసంతో మారే వర్ణకం దానిలో లేదు.

ఆకుకూర_మడి
పుదీనా నల్లబడడానికి కారణాలు మూడు, మూడూ తప్పించుకోవచ్చు.

నలగడం. ఆకు నలిగినా తెగినా లోపలి ఎంజైము గాలి తగిలి నల్లబరుస్తుంది, కోసిన వంకాయ నల్లబడినట్టే. మొద్దుబారిన చాకుతో ముందుకీ వెనక్కీ రుబ్బినట్టు తరిగితే ఆకంతా నలిగినట్టే. ఆకులు ఐదారు ఒకదాని మీద ఒకటి పేర్చి, చుట్ట చుట్టి, పదునైన చాకుతో ఒక్క కోతలో దారాల్లా కోయండి. మళ్లీ దాని మీద చాకు ఆడించొద్దు.

ఇనుము. కత్తిపీట గారికి కోపం రాకపోతే ఒక మాట: పాత ఇనుప కత్తిపీట మీద పుదీనా తరగొద్దు. ఆకులోని వగరు పదార్థాలు ఇనుముతో కలిసి నల్లబడతాయి. టమాటా పులుపుకి కూడా ఇనుప రుచి అంటుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు చాకే వాడండి.

తడి, వేడి. కడిగిన ఆకుని తడితోనే తరిగితే ముద్దవుతుంది, వేడి పులావు పక్కన గంట ఉంచితే వాడిపోతుంది. కడిగి, బట్ట మీద పరిచి, ఫ్యాను కింద అరగంట ఆరనివ్వాలి. తరగడం వడ్డనకి ఐదు నిమిషాల ముందు.

కడగడం గురించి కూడా. ఆకుని జల్లెడలో పెట్టి కుళాయి తిప్పితే మట్టి పోదు. వెడల్పాటి బేసిన్ నిండా నీళ్లు పోసి, ఆకుని ముంచి ఆడించి, చేత్తో పైకి తీయండి. మట్టి అడుగున ఉండిపోతుంది. ఆకుతో సహా నీళ్లు వంపేస్తే ఆ మట్టి మళ్లీ ఆకు మీదకే చేరుతుంది. ఆ నీళ్లు పారబోసి, మట్టి కనబడనంత వరకూ మళ్లీ మళ్లీ. వానాకాలం కొత్తిమీరకి మూడు నీళ్లు తక్కువే.

ఆదివారం_భోజనం
కొత్తిమీర కాడలు వేయొచ్చా? మా వైపు తీసేస్తారు.

ఆకుకూర_మడి
లేత కాడలు తప్పకుండా వేయండి. ఆకులో కన్నా కాడలో వాసన గట్టిగా ఉంటుంది, కరకర కూడా వస్తుంది. వేరు నుంచి రెండు మూడు అంగుళాల ముదురు కాడ తీసేసి మిగతాది ఆవగింజంత సన్నగా తరగండి. పుదీనాది మాత్రం ఆకే. దాని కాడ పీచు, పైగా చేదు.

డల్లాస్_దోసకాయ
ఇక్కడి దుకాణాల్లో కొత్తిమీర, పార్స్లీ పక్కపక్కనే ఉంటాయి, ఆకు చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. కట్ట కొనే ముందు ఒక ఆకు నలిపి వాసన చూడాలి. పార్స్లీతో కూడా సలాడ్ బాగుంటుంది కానీ అది జీలకర్ర పొడి వైపు కాదు, నిమ్మ, నూనె, మిరియాల వైపు.

టమాటా విషయంలో: చలికాలంలో పెద్ద బీఫ్‌స్టీక్ రకాలు రంగే తప్ప రుచి ఉండవు. చెర్రీ, గ్రేప్ టమాటాలు ఏడాదంతా కాస్త నమ్మకం. వాటిని సగానికి కోస్తే చాలు. రోమా గట్టిది, నీరు తక్కువ, పొడి సలాడ్‌కి పనికొస్తుంది.

అమెరికాలో ఉన్నవాళ్లు ఉప్పు విషయంలో జాగ్రత్త. డైమండ్ క్రిస్టల్ బ్రాండు కోషర్ ఉప్పు (గుల్లగా, పలుకులుగా ఉండేది) టీ స్పూనుకి 3 గ్రాముల లోపే. మామూలు మెత్తటి ఉప్పు 6. పైన చెప్పిన 7 గ్రాములకి ఆ కోషర్ ఉప్పు రెండున్నర స్పూన్లు పడుతుంది. నిమ్మకి బదులు ఇక్కడ దొరికే పెద్ద లైమ్ ఒక్కోటి రెండు టేబుల్ స్పూన్ల దాకా రసం ఇస్తుంది, కాయల లెక్కన పిండితే పులుపు ఎక్కువైపోతుంది.

బండిమీద_కూరలు
మన దగ్గర ఏ టమాటా తీసుకోవాలో కూడా చెప్పుకోవాలిగా. మార్కెట్లో రెండు రకాల కాయ కనబడుతుంది. గుండ్రంగా, కాస్త అణిగి, తొడిమ దగ్గర గాళ్లు పడి ఉండేది నాటు. పులుపు, రసం ఎక్కువ, తోలు పలచన. కోలగా, గట్టిగా, తోలు మందంగా ఉండేది హైబ్రిడ్, దీన్నే చాలాచోట్ల బెంగళూరు టమాటా అంటారు. కండ మందం, రసం తక్కువ, పులుపు తక్కువ. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన అర్క రక్షక్ ఈ గట్టి కాయల్లోదే. ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండు తెగులు, ముందస్తు మాడు తెగులు, మూడిటినీ తట్టుకుంటుందని, కాయ ఎక్కువ రోజులు నిలుస్తుందని రైతులు వేస్తారు. మదనపల్లె మార్కెట్ నుంచి దూరాలకి లారీ ఎక్కేది కూడా ఇలా దెబ్బ తట్టుకునే గట్టి కాయే.

సలాడ్‌కి నా లెక్క: రెండు వంతులు హైబ్రిడ్, ఒక వంతు నాటు. హైబ్రిడ్ ముక్కగా నిలబడుతుంది, నాటు రుచినిస్తుంది. పూర్తిగా నాటే అయితే నిమ్మరసం సగం చేయండి.

పండు ఎర్రగా ఉండి, వేలితో నొక్కితే కొంచెం లొంగాలి. తొడిమ దగ్గర వాసన రావాలి. భుజం దగ్గర పచ్చగా, పసుపుగా ఉండిపోయిన కాయ లోపల తెల్లటి గట్టి కండ ఉంటుంది, సలాడ్‌లో నమలడానికి బాగుండదు. దాన్ని పప్పులో వేసుకోండి.

కత్తిపీట
ఫ్రిజ్ సంగతి కలుపుతాను. 12 డిగ్రీల కన్నా చల్లగా ఉంచితే టమాటాకి వాసననిచ్చే పదార్థాలు తయారవడం మందగిస్తుంది, దోరకాయ అయితే సరిగ్గా పండదు కూడా. దోరకాయలు బయటే, తొడిమ కిందికి ఉండేలా. పూర్తిగా పండి రేపటికి మెత్తబడేలా ఉంటేనే ఫ్రిజ్‌లో పెట్టి, కోసే ముందు గంటసేపు బయట ఉంచండి.

ఆదివారం_భోజనం
కీరా వేస్తే చేదు వస్తుందేమోనని భయం. రెండు చివర్లూ కోసి ఉప్పు వేసి రుద్దితే చేదు పోతుందంటారు, నిజమేనా?

ఆకుకూర_మడి
రుద్దడం వల్ల మిగతా కాయలో చేదు పోదు. చేదు ఎక్కువగా ఉండేది తొడిమ వైపు, తొక్క కింద. రుద్దే వంకతో ఆ కొన ముక్క కోసి పారేస్తారు కదా, పనిచేసేది అదీ. తొడిమ వైపు రెండు సెంటీమీటర్లు తీసేసి, తర్వాతి ముక్క కొరికి చూడండి. ఇంకా చేదుగా ఉంటే తొక్క మందంగా తీసి మళ్లీ చూడండి. అప్పటికీ బాగా చేదుంటే ఆ కాయ మొత్తం పారేయండి. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే పదార్థానిది, ఎక్కువైతే కడుపులో తిప్పుతుంది, వాంతులు, విరేచనాలు అవుతాయి. ఒక్క చేదుకాయ కలిస్తే గిన్నెంతా పోయినట్టే, కాబట్టి ప్రతి కాయా విడిగా కొరికి చూడాల్సిందే.

పసుపు దోసకాయ కూడా వేయొచ్చు. గింజలు తీసి, అర సెంటీమీటరు ముక్కలు. కీరా కన్నా కరకర, పుల్లదనం ఎక్కువ. దాన్ని వేస్తే నిమ్మ తగ్గించాలి.

గోదారి_గట్టు
పొడిగా ఉండడానికి ఇంకో దారి ఉంది, ఎవరూ చెప్పలేదు. శ్రీరామనవమికి చేసే వడపప్పు గుర్తుందిగా? పెసరపప్పు 3 టేబుల్ స్పూన్లు కడిగి 40 నిమిషాలు నానబెట్టి, నీళ్లు పూర్తిగా ఓడ్చి సలాడ్‌లో కలపండి. గంటలు నానబెడితే పప్పు తన వంతు నీళ్లు ముందే తాగేసి మెత్తబడుతుంది. తక్కువ నానితే టమాటా రసాన్ని కొంత పీలుస్తుంది, నమలడానికి కరకర ఉంటుంది. కన్నడం వాళ్ల కోసంబరి ఈ లెక్కలోదే, పచ్చికొబ్బరి కోరు వేసి పోపు పెడతారు. మరాఠీ వాళ్ల కోశింబిర్‌లో వేయించిన వేరుశెనగ పొడి పడుతుంది. ఆ పొడి కూడా నీళ్లు బాగా పీలుస్తుంది. బరకగా దంచి 2 టేబుల్ స్పూన్లు, సరిగ్గా వడ్డించేటప్పుడే. ముందే వేస్తే ముద్ద.

పోపు పెట్టేవాళ్లకి: 2 టీ స్పూన్ల నూనెలో అర టీ స్పూను ఆవాలు, చిటికెడు ఇంగువ, ఒక రెమ్మ కరివేపాకు. పోపు గిన్నె దించి ఐదు నిమిషాలు చల్లారాకే పోయండి. వేడిగా పోస్తే పుదీనా అక్కడికక్కడే ఉడికి నల్లబడుతుంది.

వరంగల్_వంటిల్లు
పోపు పెడ్తె పులావు పక్కకు బాగుండదు, అన్నం పప్పులకైతె సరే. పులావులనే మసాలా ఉన్నది, మల్ల ఆవాలు ఇంగువ ఎందుకు.

గోదారి_గట్టు
ఒప్పుకున్నాను. పులావుకి పోపు వద్దు, వేరుశెనగ పొడి కూడా వద్దు. నానిన పప్పు మాత్రం వేసుకోవచ్చు.

బంతి_వడ్డన
ఫంక్షన్ వంటలు చేసేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. నూరు మందికి, విస్తట్లో ఇంకా పది రకాలు ఉంటాయి కాబట్టి తలకి 60 గ్రాములు చాలు. టమాటా మూడున్నర కిలోలు, ఉల్లి ఒక కిలో, కీరా ఒకటిన్నర కిలో, కొత్తిమీర 280 గ్రా., పుదీనా ఆకు 100 గ్రా., పచ్చిమిర్చి 100 గ్రా. దాకా (ఘాటుని బట్టి), ఉప్పు 48 గ్రా., నిమ్మరసం 140 మి.లీ., అంటే 8–10 కాయలు. ఇవి తరిగిన తూకాలు, కొనేటప్పుడు పది శాతం ఎక్కువ తీసుకోండి. కట్టతో సహా కొనే పుదీనాలో ఆకు సగానికి అటూ ఇటూగా వస్తుంది, దాన్ని రెట్టింపు కొనాలి.

మొత్తం ఒకేసారి కలపడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. మొదటి బంతి బాగుంటుంది, మూడో బంతికి చారులా పోయాలి. ముక్కలు ఏవికవి మూత డబ్బాల్లో, ఆకు ఆరబెట్టి తరగకుండా, నిమ్మరసం గింజలు తీసి సీసాలో. ఒక్కో బంతికి ఎంత కావాలో అంతే కలపాలి. నూరు మందికి నాలుగు బంతులైతే పై లెక్కని నాలుగు భాగాలు చేసి ఉప్పు కూడా 12 గ్రాముల పొట్లాలు నాలుగు ముందే కట్టి పెట్టండి. హడావుడిలో చేతి అంచనా కుదరదు.

నిమ్మకాయని పిండే కర్రతో గట్టిగా నొక్కొద్దు. గింజ నలిగినా, తొక్క లోపలి తెల్లటి పొర నలిగినా చేదు దిగుతుంది. పొద్దున పిండిన రసం సాయంత్రానికి చేదెక్కుతుంది, వడ్డనకి గంట ముందు పిండుకోవాలి.

కొలతపాత్ర
బంతి గారు చెప్పినదానికి ఒకటి జోడించాలి, ఎండాకాలం ఫంక్షన్లకి ఇది ముఖ్యం. కోసిన టమాటా బయట ఎక్కువసేపు ఉండకూడదు. టమాటా పుల్లనిదే కదా, పాడవదనుకుంటారు. కానీ అన్ని కాయలూ సూక్ష్మజీవుల్ని ఆపేంత పుల్లగా ఉండవు. సాల్మొనెల్లా కోసిన టమాటా మీద బాగానే పెరుగుతుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2007లో కోసిన టమాటాని చల్లగా ఉంచి తీరాల్సిన పదార్థాల జాబితాలో చేర్చింది కూడా. 5 డిగ్రీల లోపు ఉంచితే సరి. బయట అయితే రెండు గంటలు, 32 డిగ్రీలు దాటిన ఎండలో ఒక్క గంట. బేసిన్ కింద ఐసు పెడితే ఆ ఐసు నీళ్లు సలాడ్‌లోకి రాకుండా చూసుకోండి, ఐసు ఏ నీళ్లతో చేశారో మనకి తెలీదు.

కోడిని కోసిన చెక్క మీద, అదే చాకుతో సలాడ్ ముక్కలు కోయొద్దు. సలాడ్‌ని మనం ఉడికించం, దాని మీదకి చేరింది నేరుగా కడుపులోకే. వరసలో ముందు సలాడ్ కోసేసి, తర్వాత మాంసం పట్టండి.

దోహా_దారి
గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి తబ్బూలే, ఫత్తూష్ అనే అరబ్బు సలాడ్లు రెండూ తెలుసు. ఈ చర్చకి వాటి నుంచి తీసుకోదగ్గవి రెండున్నాయి.

ఫత్తూష్‌లో సుమాక్ అనే పుల్లటి ఎండుకాయల పొడి వేస్తారు. పులుపు ఇస్తుంది, నీరు ఇవ్వదు. మన దగ్గర ఆ పని ఆమ్‌చూర్ (ఎండు మామిడికాయ పొడి) చేస్తుంది. నిమ్మరసం సగం తగ్గించి, ఆ బదులు అర టీ స్పూను ఆమ్‌చూర్ చల్లితే గిన్నెలో తడి ఆ మేరకు తగ్గుతుంది. మామిడికాయ కాలంలో నిమ్మే అక్కర్లేదు, పుల్లటి కాయ 50 గ్రాములు సన్నగా తరిగి వేయండి.

తబ్బూలేలో ఆకే ప్రధానం, టమాటా పక్కన ఉండేది. దాన్ని ఇంట్లో చేసేవాళ్లు బుర్గుల్ బదులు గోధుమ రవ్వ నానబెట్టి వేస్తుంటారు. బుర్గుల్ అంటే ముందే ఉడికించి ఆరబెట్టిన గోధుమ నూక, అందుకే నానితే చాలు. మన గోధుమ రవ్వ పచ్చిది. నానబెట్టినంత మాత్రాన తినలేం, పొడిపొడిగా ఉడికించి చల్లార్చాలి.

కుండీల_తోట
తులసి ఆకు వేయొచ్చా? ఇటలీ సలాడ్లలో బేసిల్ వేస్తారు కదా. కుండీలో తులసి బోలెడు ఉంది.

ఆకుకూర_మడి
ఇంటి తులసి, ఇటలీ బేసిల్ ఒకటి కావు. తులసిలో లవంగం వాసన, కారం ఎక్కువ. మూడు నాలుగు ఆకులు దాటితే కషాయం తాగినట్టే. ఆ బేసిల్‌కి దగ్గరి బంధువు మీరు షర్బత్‌లో వేసే సబ్జా గింజల మొక్క, అదే జాతి. వేయించనివి, పాతబడనివి దొరికితే గింజలు కుండీలో చల్లండి, మొలుస్తాయి. ఆకు వాసన గింజని బట్టి కాస్త మారుతుంది, సోంపు వాసన ఎక్కువున్నవి కూడా వస్తాయి. ఆ ఆకు వేసినప్పుడు పుదీనా, జీలకర్ర పొడి మానేయండి. టమాటా, ఉప్పు, నూనె, ఆ ఆకు చాలు. అది చాకు తగిలితే పుదీనా కన్నా తొందరగా నల్లబడుతుంది, చేత్తో చింపి వేయండి.

సోయకూర కూడా బాగుంటుంది, కీరా ఉంటే మరీ. 10 గ్రాములు దాటొద్దు.

నాటు_టమాటా
నూనె ఏది? ఎప్పుడు? ఇది ఎవరూ తేల్చలేదు.

కత్తిపీట
గానుగ వేరుశెనగ నూనె, లేదా నువ్వుల నూనె. నువ్వుల నూనె వాసన బలం, సగం చాలు. ముందు ముక్కలకి ఉప్పు, నిమ్మ పట్టాలి, ఆ తర్వాత నూనె, చివర్లో ఆకు. నూనె ముందే పోస్తే ముక్క మీద పొరకట్టి ఉప్పు సరిగా పట్టదు. ఆకు మీద నేరుగా పోస్తే ఆకు తొందరగా వాడిపోతుంది. అసలు నూనె మానేస్తారా అంటే మానొచ్చు, కానీ టమాటాలోని ఎర్ర వర్ణకం లైకోపీన్ కొవ్వు ఉంటేనే ఒంటికి బాగా పడుతుంది, జీలకర్ర వాసన కూడా నూనెతోనే అంతటా పాకుతుంది.

పచ్చిమిర్చి కారం భయపడేవాళ్లకి: కారం గింజలో కాదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో ఎక్కువ. నిలువుగా చీల్చి ఆ పొర గీకేస్తే మిర్చి వాసన ఉంటుంది, మంట బాగా తగ్గుతుంది.

ఆదివారం_భోజనం
అందరికీ ధన్యవాదాలు. ఒంటి గంటకి వడ్డన అనుకుంటే వరస ఇలా రాసుకున్నాను, సరిగ్గా ఉందా? 11:45కి ఆకు కడిగి ఆరబెట్టడం. 12:15కి ఉల్లి కోసి నీళ్లలో. 12:25కి పిండి నిమ్మరసంలో సగం పోయడం. 12:30కి టమాటా కోసి సగం ఉప్పుతో చిల్లుల గిన్నెలో. 12:40కి కీరా, మిర్చి. 12:50కి అన్నీ కలిపి మిగతా నిమ్మ, టమాటా రసం, నూనె, జీలకర్ర. 12:55కి ఆకు తరిగి వేయడం.

కొలతపాత్ర
సరిగ్గా ఉంది. కీరాకి విడిగా ఉప్పు వేయొద్దు. మిగతా ఉప్పు 12:50కే, రుచి చూసి. ఉల్లి కింద మిగిలిన గులాబీ నిమ్మరసం పారబోయకండి, అది కూడా లెక్కలోదే. కలపడం గరిటెతో కాకుండా కడిగిన చేత్తో, కింద నుంచి పైకి రెండు మూడుసార్లు. ఎక్కువ కలిపితే ముక్క నలిగి మళ్లీ నీరు.

పులావు గిన్నె పక్కనే పెట్టకండి, ఆవిరి తగులుతుంది.

లంచ్‌బాక్స్
ఆఫీసు డబ్బాలో పొద్దున ఎనిమిదికి పెట్టి ఒంటి గంటకి తినాలంటే?

బంతి_వడ్డన
ఆఫీసులో ఫ్రిజ్ ఉంటే డబ్బా వెళ్లగానే అందులో పెట్టండి. లేకపోతే టమాటా, కీరా కోయకుండా కాయలుగానే తీసుకెళ్లి అక్కడ కోసుకోవడం మంచిది, చెర్రీ టమాటా అయితే కోయకుండా వేసేసుకోవచ్చు. నిమ్మలో నానిన ఉల్లి ఒక చిన్న డబ్బాలో, ఆరిన ఆకు పేపర్ టవల్‌లో చుట్టి, ఉప్పు జీలకర్ర పొట్లంలో.

ఆదివారం_భోజనం
చివరి ప్రశ్న. మిగిలిపోతే మర్నాటికి పనికొస్తుందా?

వరంగల్_వంటిల్లు
వెంటనె ఫ్రిజ్‌ల పెడితె మర్నాటికి తినొచ్చు గని సలాడ్ లెక్క ఉండదు, ముక్క మెత్తబడ్తది. చారు పెట్టుండ్రి. కీరా ముక్కలు ఏరి తీసేసి, మిగిలినదంత చేత్తో పిసికి, రెండు గ్లాసుల నీళ్లు పోసి, మిరియాలు జీలకర్ర ఎల్లిపాయ దంచి ఏసి, పది నిమిషాలు మరగనియ్యుండ్రి. నిమ్మ పులుపు ఉంటది కాబట్టి చింతపండు ఒద్దు. సలాడ్‌ల ఉన్న ఉప్పు అన్ని నీళ్లకు సరిపోదు, మరిగినంక రుచి చూసి ఏసుకోండ్రి.